తెల్ల గీత ఉన్న కాలు

గోర్నా బుకా,
6 మార్చి 2003

దోబ్రి అన్నయ్యకి,

దగ్గు ఎలా ఉందని అడగను. అడిగితే ఉత్తరం నిండా దగ్గుతావు. ఆ కొండమీద ఊపిరితిత్తుల ఆసుపత్రిలో నిన్ను చేర్చి ఐదు నెలలైంది. అక్కడి నర్సులు ఇంకా ఉద్యోగాలు మానెయ్యలేదంటే నువ్వు కాస్త మెత్తబడ్డావనే అనుకుంటున్నాను.

అసలు విషయం చెప్తాను. నా కంప్యూటర్ చచ్చిపోయింది. సోమవారం పొద్దున్న స్విచ్చి వేస్తే వెనక ఫ్యాను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. సరిగ్గా అదే వారం ఊళ్లో ఇద్దరు పోయారు, రొట్టెల బట్టీ గాంచోవ్, పక్కవీధి టీచరమ్మ. చావుకాగితాలు వెయ్యాల్సింది నేనే కదా. ఫోటో, పేరు, వయసు, చుట్టూ నల్ల అంచు. ఇంటి తలుపుకి, చర్చి గోడకి, బస్టాపు స్తంభానికి. మన ఊళ్లో తలుపుకి కాగితం పడకపోతే మనిషి పోయినట్టే లెక్క కాదు. చేసేదిలేక చేత్తో రాసిచ్చాను. టీచరమ్మ కోడలు చూసి, "ఇదేంటి, కిరాణా చీటీలా ఉంది?" అంది. సిగ్గుతో చచ్చాననుకో.

పట్నంలో కంప్యూటర్ షాపతనికి చూపించాను. పవర్ సప్లై పోయిందట. "ఇంత పాత డబ్బాకి సరిపోయేది ఇప్పుడు రావడం లేదు, కొత్త కంప్యూటర్ కొనుక్కో బామ్మా" అన్నాడు. బామ్మట! యాభై ఎనిమిదికే. పైగా, "లోపల ఏదో చిన్న ముక్క పోయుంటుంది, అది మారిస్తే బతుకుతుంది, కానీ అది విప్పుకుంటూ కూర్చునే తీరిక నాకు లేదు" అన్నాడు. నీ పాత బల్ల, సోల్డరింగ్ ఐరన్ నేను కాగితాలు కొట్టే ఈ గదిలోనే ఉన్నాయి. నేను ముప్పై ఏళ్లు కుట్టుపని చేసినదాన్ని, చెయ్యి వణకదు. నువ్వు రేడియోలు, టీవీలు బతికించిన పెద్ద మేస్త్రీవి. ఎలా చెయ్యాలో రాయి.

తొందరెందుకంటే మే తొమ్మిదికి మింకో పోయి పద్నాలుగేళ్లు. ఏటా ఆ రోజుకి వేసే కాగితం ఎప్పుడూ ఆపలేదు, ఈ ఏడూ ఆపను. ఇంకో మాట. రొట్టెలవాడికి రొట్టెల మేస్త్రీ అని వేస్తాం. గోడలు కట్టినవాడికి తాపీమేస్త్రీ అని వేస్తాం. నా మొగుడికి మాత్రం "మింకో తోనెవ్, 44 ఏళ్లు", కింద ఖాళీ. ఆ ఖాళీ చూస్తే నా కడుపు రగిలిపోతుంది. ఈసారి అక్కడ "రేడియో మేస్త్రీ" అని వేస్తాను. నాలుగేళ్ల క్రితం వేస్తే నువ్వు ఊరంతా తిరిగి చింపావు. ఈసారైనా ఒప్పుకో అన్నయ్యా.

నిన్ను ఇంటికి పంపే కాగితం మీద సంతకానికి ఈస్టర్ వెళ్లాక వస్తాను.

నీ చెల్లెలు
తొడోర్కా


ఆసుపత్రి,
14 మార్చి

తొడోర్కా,

ముందు సంతకం, తర్వాత కంప్యూటర్. డాక్టరమ్మ మళ్లీ చెప్పింది, ఇంట్లో చూసుకునే బంధువు సంతకం పెడితేనే పంపుతారట. లేకపోతే చచ్చేదాకా ఇక్కడే. నా పక్కమంచం వాడు పోయిన వారం పోయాడు, వాడి చెప్పులు ఇంకా మంచం కిందే ఉన్నాయి. నేనిక్కడ చావను. నా ఇంట్లో, నా ద్రాక్షపందిరి కింద చస్తాను. నాకు ఈ లోకంలో నువ్వొక్కదానివే ఉన్నావు, అదే నా ఖర్మ. మార్చి ఒకటికి అందరూ చేతికి కట్టుకునే ఎర్రతెల్ల దారం కూడా పంపలేదు. వంటమనిషి జాలిపడి కట్టింది.

ఇక విను. నీ బుర్రకెక్కేలా రాస్తాను, అంటే చాలా మెల్లగా.

ప్లగ్గు పీకు. పీకాననుకోవడం కాదు, చేత్తో పట్టుకుని చూడు. పవర్ సప్లై డబ్బా మూత స్క్రూలు విప్పు. లోపల రెండు లావుపాటి పీపాలుంటాయి. వాటిని కండెన్సర్లంటారు. ప్లగ్గు పీకినా వాటి కడుపులో కరెంటు ఉంటుంది, గాడిదని కూడా పడేస్తుంది. వంద క్యాండిల్ బల్బుకి రెండు వైర్లు కట్టి, ఒక్కోదాని రెండు కాళ్లకీ తాకించు. ఎడమచెయ్యి జేబులో పెట్టుకో. జేబు లేకపోతే కుట్టుకో, కుట్టుపనిదానివేగా! నా వర్క్‌షాపులో రెండు చేతులూ లోపల పెట్టినవాడి చెంప పగిలేది.

తర్వాత, బయటికి వైర్లు పోయే వైపు చిన్న పీపాలు వరసగా ఉంటాయి. తల చదునుగా ఉన్నవి బాగున్నట్టు. ఒకదాని తల పొంగిన రొట్టెలా ఉబ్బి ఉంటుంది, లేదా పైన గోధుమరంగు చీము కారి ఉంటుంది. అదే దొంగ. దాని మీదున్న అంకెలే ఉన్నది కొను. తీసిన ముక్కని పారెయ్యకు, అగ్గిపెట్టెలో పెట్టు. పాడైన ముక్కని అగ్గిపెట్టెలో పెట్టి సొంతదారుకి తిరిగివ్వనివాడు దొంగ. నేను ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు.

మింకో సంగతి. వద్దు. నా చేతికింద పనిచేస్తూ, మన ఊరి ఛైర్మన్ గారి విదేశీ టీవీలో కండెన్సర్ తిరగేసి పెట్టి, అది పేలి, కిటికీ తెరలంటుకుని, ఆయన ముసలితల్లి చేతులు కాలితే, వాణ్ణి మేస్త్రీ అంటావా? పద్నాలుగు నెలలు జైల్లో పెట్టింది కోర్టు, నేను కాదు. అక్కడ నిలబడి "మేస్త్రీ చెప్పినట్టే పెట్టాను" అని నా మీదికి తోసెయ్యబోయాడు, హాలంతా నవ్వింది. ఇప్పటికీ మన ఊరి పిల్లలు కప్పు పగలగొట్టి అదే మాట అంటారు. అదీ వాడు సంపాదించిన పేరు. కావాలంటే అది వేసుకో కాగితంలో.

అన్న
దోబ్రి


గోర్నా బుకా,
25 మార్చి

అన్నయ్యా,

దారం పంపాను. ఫిబ్రవరి నెలాఖరు ఉత్తరం చూడు, అందులో ఉంది. అందలేదంటే తప్పు పోస్టువాళ్లది. నన్ను తిట్టే ముందు కవరు దులపడం నేర్చుకో.

డబ్బా విప్పాను. బల్బు తాకించగానే ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. అంత కరెంటు దాచుకుని మూడు వారాలు అలా కూర్చుందా! ఎడమచెయ్యి ఏప్రన్ జేబులోనే ఉంచాను. చిన్న పీపాలు ఏడున్నాయి. ఆరింటి తల చదును, ఒకటి ఉబ్బింది, మీద గోధుమరంగు పొక్కు. నువ్వు చూడకుండానే చెప్పావు, అది ఒప్పుకోవాల్సిందే.

దాన్ని తీస్తుంటే సోల్డరు పొగ వచ్చింది. ఆ వాసనకి మింకో చొక్కా గుర్తొచ్చి ఐరన్ పక్కన పెట్టేశాను. పెళ్లైన కొత్తలో ఆయన దగ్గర అదే వాసన. జైలు నుంచి వచ్చాక ఆ వాసన మళ్లీ రాలేదు. ఇటుకల దుమ్ము, రకియా సారా, అంతే.

కొత్తది పట్నం బజార్లో దొరికింది, అవే అంకెలు. ఇప్పుడొక సందేహం. దాని ఒంటి మీద ఒకపక్క నిలువునా తెల్ల గీత ఉంది, గీతలో చిన్న చిన్న అడ్డగీతలున్నాయి. ఈ గీత పక్కనున్న కాలు ప్లస్సా, మైనస్సా? పీపాలు అతికించిన పలక మీద రెండు రంధ్రాలున్నాయి, ఒకదాని పక్కన ప్లస్ గుర్తు ముద్రించి ఉంది. పాతది పీకే ముందు దాని గీత ఎటుందో గోళ్లరంగుతో చుక్క పెట్టాను. ఆ చుక్క ప్లస్ లేని రంధ్రం వైపు ఉంది. అంటే కొత్తదాని గీత కూడా అటే రావాలి కదా? నాకైతే అలాగే అనిపిస్తోంది. నువ్వు చెప్పేదాకా ముట్టుకోను.

నీ చెల్లెలు
తొడోర్కా


ఆసుపత్రి,
2 ఏప్రిల్

తొడోర్కా,

చొక్కా వాసనలు, జైలు వాసనలు నాకెందుకు రాస్తావు? వాణ్ణి నేనే చంపానని నేరుగా రాయడానికి నోరు రాక, సోల్డరు పొగలోంచి రాస్తున్నావు. అర్థం కాదనుకున్నావా?

గుర్తున్న కాలు ప్లస్. నా చేతికింద పదకొండుమంది పని నేర్చుకున్నారు, మొదటిరోజు మొదటి పాఠం అదే. గీతైనా, చుక్కైనా, సిలువైనా, గుర్తంటే ప్లస్. ఆ అడ్డగీతలు అలంకారం. మా కాలంలో శుభ్రంగా ప్లస్ గుర్తు వేసేవాళ్లు, ఇప్పటి బద్ధకస్తులు గీత గీసి ఊరుకుంటున్నారు. గీత ఉన్న కాలుని ప్లస్ ఉన్న రంధ్రంలో పెట్టు. ఇందులో అనిపించడాలు లేవు.

నీ గోళ్లరంగు చుక్కా? పలకని బోర్లా తిప్పితే ఎడమ కుడైపోతుంది. ఏడేళ్లు వచ్చేదాకా బూట్లు తారుమారుగా తొడుక్కున్నదానివి, నువ్వా నాకు చెప్పేది!

మింకోకీ ఇదే చెప్పాను. ఆ రోజు పొద్దున్న వాడి భుజం మీదుగా వంగి, వేలుపెట్టి చూపించాను, గుర్తున్న కాలు ప్లస్ అని. "పాతది ఇటు తిరిగి ఉంది మేస్త్రీ" అని నసిగాడు కూడా, అచ్చం నీలాగే. నోర్మూసుకుని చెప్పినట్టు పెట్టరా అన్నాను. అంత చెప్పినా తిరగేసే పెట్టుంటాడు, లేకపోతే ఎందుకు పేలుతుంది? మొగుడూ పెళ్లాలిద్దరికీ ఒకటే రోగం, చెప్పినమాట వినరు.

పెట్టాక మూత వెయ్యకుండా స్విచ్చి వేసి, మొహం దగ్గరగా పెట్టి విను. సన్నగా ఈల వేస్తే ఇంకొకటి కూడా పోయినట్టు.

మేస్త్రీ అని వేశావో, వచ్చి మళ్లీ చింపుతాను.

దోబ్రి


ఆసుపత్రి,
21 ఏప్రిల్

తొడోర్కా,

పంతొమ్మిది రోజులైంది. ఒక్క ముక్క లేదు. పని అయిపోయిందిగా, ఇక అన్నయ్యతో ఏం పని! ఊళ్లోవాళ్లందరి చావులూ టకటకా కొడుతూ ఉంటావు. థాంక్సు అడగలేదులే, నా దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ చెప్పలేదు.

లేకపోతే అలిగావా? అలుగు. చిన్నప్పుడు అలిగి గొర్రెల పాకలో కూర్చునేదానివి. ఆకలేస్తే వచ్చేదానివి.

ఈస్టర్‌కి ఇక్కడ తలకొక ఎర్రగుడ్డు ఇస్తారట. నీ కోసం నాది దాస్తాను. గుడ్డుకి గుడ్డు కొట్టి పందెం వేసుకుందాం, ఎప్పట్లాగే నీదే పగులుతుంది. సంతకం పెట్టు తొడోర్కా. పక్కమంచంలోకి ఇంకొకడొచ్చాడు, వాడూ పోయేలాగే ఉన్నాడు. నాకు భయంగా ఉంది. ఇది ఎవరికీ చెప్పకు.

దోబ్రి


గోర్నా బుకా,
30 ఏప్రిల్

అన్నయ్యా,

ఈ ఉత్తరం కుడికన్నుతో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఓర్చుకో.

ఏప్రిల్ ఎనిమిదిన, నువ్వు చెప్పినట్టే, గీత ఉన్న కాలుని ప్లస్ ఉన్న రంధ్రంలో పెట్టాను. నువ్వు చెప్పినట్టే మూత వెయ్యలేదు. నువ్వు చెప్పినట్టే మొహం దగ్గర పెట్టి విన్నాను. ఈల వెయ్యలేదు. నాలుగు లెక్కపెట్టేలోపు టప్పుమని పేలింది. దాని టోపీ రేకు నా ఎడమకంట్లో దిగింది. పక్కింటి స్తానా పిన్ని నా కేక విని వచ్చి కారెక్కించింది. పన్నెండు రోజులు కళ్లాసుపత్రిలో ఉన్నాను. ఆ కంటికి ఇక వెలుగూ చీకటీ తేడా మాత్రమే తెలుస్తుందన్నారు. అందుకే ఉత్తరం లేదు. గొర్రెల పాకలో లేను.

పట్నంలో రిపేరు చేసే అమ్మాయి ఒకతి ఉందంటే డబ్బా పట్టుకెళ్లాను, నా కంటి కట్టు చూసి అక్కడికక్కడే విప్పింది. ఇరవై నిమిషాల్లో బాగుచేసింది. "తెల్ల గీతంటే మైనస్ అమ్మమ్మా. ఆ అడ్డగీతలు మైనస్ గుర్తులే. ఎవరు చెప్పారు తిరగేసి పెట్టమని?" అంది. మా అన్నయ్య, పెద్ద మేస్త్రీ అన్నాను. నవ్వింది పాపం, చెడ్డ నవ్వేం కాదు. "పాత సోవియట్ కండెన్సర్లకి ప్లస్ వైపు గుర్తుండేది. ఆయన అవే చూసుంటారు. బయటినుంచి వచ్చినవాటికి మైనస్ వైపే గీత" అంది.

"ఎనభై రెండులో వచ్చిన విదేశీ టీవీలో కూడానా?" అని అడిగాను.

"అప్పుడూ అంతే" అంది.

ఆ షాపు మెట్ల మీద కూర్చున్నాను. ఇరవై ఒక్క ఏళ్లు. ఆయన చెప్పినట్టే పెట్టాడు. అందుకే పేలింది.

నీకు తెలియదని ఒప్పుకుంటాను. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాడివి, నిజంగానే మూడే అనుకున్నావు. కానీ తీర్పు నకలు నా సొరుగులో ఉంది. ఇంటికొచ్చి తీసి చదివాను. "సాక్షి దోబ్రి పెట్కోవ్: ఆ రోజు నేను వర్క్‌షాపులో లేను. ముందురోజే పట్నం వెళ్లాను. ముద్దాయి నన్నేమీ అడగలేదు." ఇప్పుడు నీ ఏప్రిల్ రెండు ఉత్తరం దాని పక్కన పెట్టాను. భుజం మీదుగా వంగావు. వేలుపెట్టి చూపించావు. నోర్మూసుకోమన్నావు. రెండూ నీ మాటలే. ఏది నిజం?

తొడోర్కా


ఆసుపత్రి,
6 మే

చెల్లీ,

ఇక్కడి ఎలక్ట్రీషియన్ వెల్కోని పాడైన రేడియోలోంచి ఒక కండెన్సర్ పీకి తెమ్మన్నాను. భూతద్దం పెట్టి చూశాను. తెల్ల గీత, అందులో మైనస్సులు. మీటరు పెట్టించాను. మైనస్. మళ్లీ పెట్టించాను. వెల్కో విసుక్కున్నాడు, "ఇది తెలియకుండా మేస్త్రీ ఎలా అయ్యావు తాతా?" అన్నాడు.

వర్క్‌షాపులోనే ఉన్నాను. వాడే తిరగేశాడని నిజంగా నమ్మాను. వాడి తప్పుకి నా పేరెందుకు మధ్యలో అనుకున్నాను. పట్నం వెళ్లానని చెప్పమని ఛైర్మన్ మనిషే సలహా ఇచ్చాడు. మరుసటి నెల నన్ను వర్క్‌షాపుకి మేనేజర్ని చేశారు, టై కట్టుకుని గదిలో కూర్చున్నాను, ఐరన్ మళ్లీ పట్టలేదు. పట్టుంటే ఎప్పుడో తెలిసేది. కోర్టులో వాడు నా కళ్లలోకి చూశాడు. నేను గోడ గడియారం చూశాను.

నీ కంటికి నేనేం ఇవ్వగలను? నాది తీసి ఇవ్వమంటే ఇస్తాను.

ఫారం ఇందులో పెట్టాను. ఒక్క సంతకం, అంతే. నన్ను తీసుకెళ్లు. మింకో కాగితం ప్రతి తలుపుకీ నా చేత్తో అంటిస్తాను. మేస్త్రీ అని పెద్దక్షరాల్లో వెయ్యి. వీధిలో నిలబడి అందరికీ చెప్తాను. ఇవాళ సెయింట్ జార్జ్ పండగని గొర్రెమాంసం పెట్టారు, నాది వెల్కోకి ఇచ్చేశాను. గుడ్డు ఇంకా దాచే ఉంచాను.

దోబ్రి


గోర్నా బుకా,
13 మే

దోబ్రి,

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావు. కాలింది నీ చేతులు కాదు, అదీ తేడా.

కంప్యూటర్ చక్కగా పనిచేస్తోంది. మే తొమ్మిదిన నలభై కాగితాలు వేశాను. ఒకటి ఇందులో పెట్టాను, గోడకి అంటించుకో. నల్ల అంచు, పెళ్లినాటి ఫోటో. "మింకో తోనెవ్. రేడియో మేస్త్రీ." దాని కింద ఆయన మాటే, నువ్వే వేసుకోమన్నావుగా: "మేస్త్రీ చెప్పినట్టే పెట్టాను." దాని కింద నీ ఏప్రిల్ రెండు ఉత్తరంలోని ఆరు వాక్యాలు, నీ చేతిరాత ఫోటోతో సహా. బస్టాపు దగ్గర జనం గుంపుగా నిలబడి చదివారు. ఒక్కరూ నవ్వలేదు. ఛైర్మన్ కూతురు మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

మొదటి కాగితం నీ తలుపుకే అంటించాను. మన ఊరి సంగతి నీకు తెలుసుగా, తలుపు మీద నల్ల అంచు కనిపిస్తే దగ్గరికెళ్లి చదివేదెవరు? ఆ ఇంటివాడు పోయాడనుకుంటారు. మధ్యాహ్నానికల్లా నీ గుమ్మంలో కొవ్వొత్తులు పెట్టారు. స్తానా పిన్ని చావింటికి తెచ్చే ఉడికించిన గోధుమలు గిన్నెలో పట్టుకొచ్చింది. "ఎప్పుడు పోయాడే?" అని అడిగింది. ఎనభై రెండులో అన్నాను. తెల్లబోయింది. తర్వాత తలుపు మీదున్నది మొత్తం చదివి వచ్చింది. గిన్నె వెనక్కి తీసుకెళ్తుందేమో అనుకున్నాను. తీసుకెళ్లలేదు. నా పక్కనే మెట్టు మీద కూర్చుంది, ఇద్దరం తిన్నాం. పంచదార బాగా వేసింది.

నాకు సంతోషంగా ఉందనుకోకు, లేదు. నీ ఎర్రగుడ్డు మాట చదివినప్పుడు జాలేస్తుందేమోనని చాలాసేపు చూశాను. వెయ్యలేదు. భయంగా ఉందన్నావు. ఆయనా జైలు నుంచి మొదటి ఉత్తరంలో అదే మాట రాశాడు. అది నీకు చూపించాను, గుర్తుందా? "మగాడు రాసే మాటేనా ఇది" అన్నావు.

ఫారం తిరిగి పంపుతున్నాను. "చూసుకునే బంధువు" అన్నచోట "ఎవరూ లేరు" అని రాసి, కింద సంతకం పెట్టాను. సంతకం అడిగావు కదా.

అగ్గిపెట్టె కూడా పంపుతున్నాను. అందులో నువ్వు పెట్టించిన ముక్క ఉంది, టోపీ రేకు లేదు, అది డాక్టర్ల దగ్గరుండిపోయింది. నీ ముక్క నీకు తిరిగిచ్చేశాను. నేను దొంగని కాను.

ద్రాక్షపందిరి ఈ ఏడు బాగా చిగురించింది.

రేడియో మేస్త్రీ మింకో తోనెవ్ భార్య
తొడోర్కా